పువ్వు వెనక బెంచీ

మే 23, గురువారం

చిట్టికి,

ఈరోజు పనుల పద్దు: ఉతికిన బట్టలు రెండు బకెట్లు, ఇస్త్రీ పదకొండు, తుడిచిన కిటికీలు నాలుగు, కుట్టిన గుండీలు మూడు. మీ బావతో నేనన్న మాటలు పద్నాలుగు. ఆయన తిరిగి అన్నవి మూడు. అందులో రెండు "ఊ".

నవ్వకు. మనసులో ఏదైనా అనుమానం పడితే దాన్ని కాగితం మీద పెట్టేదాకా నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు. ఫిబ్రవరి నుంచి మా మధ్య ముఖ్యమైన మాటలు, జవాబు వచ్చినవీ రానివీ, ఎక్కడుండి అన్నానో సహా నోటుబుక్కులో రాస్తున్నాను. వంటింట్లోంచి పిలిస్తే పలకరు. అడిగినదానికి జవాబు చెప్పకుండా పేపరు తిప్పుతారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో కోపం వస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరిచిన మనిషే గాని, నన్ను ఇలా గోడను చేసిన మనిషి కాదు. నా మీద మనసు విరిగిందేమో. ఈ మాట రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను.

గోడలతో మాట్లాడే బదులు పువ్వులతో మాట్లాడమని నువ్వు పంపిన పాత కెమెరా, వెడల్పు లెన్సు బాగానే పనిచేస్తున్నాయి. మొదటి రీలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను, కడిగి ప్రింట్లు వెయ్యి. పాత గోదాము వెనక ఒక ఖాళీ స్థలం ఉంది. దాని చివర ఇనప చువ్వల కంచె, కంచె మొదట్లో అరచేతి ఎత్తు కూడా లేని పిచ్చి మొక్కలు. గడ్డిచామంతి, పల్లేరు, నీలంగా విష్ణుక్రాంత. బుధవారం పది దాటాక ఇంట్లో పని తగ్గుతుంది కాబట్టి ఆ రోజే వెళ్తాను. ఇసుక నింపిన చిన్న సంచి మీద కెమెరా పెట్టి, నేల మీద బోర్లా పడుకుని, కళ్ళజోడు తీసి కొంగుకి ముడేసుకుని చూస్తాను. ఎవరైనా చూస్తే ఈవిడ పడిపోయిందనుకుని అంబులెన్సుకి కబురు పెడతారు.

ఒక సందేహం. లెన్సు చుట్టూ ఉన్న ఉంగరం మీది అంకె మార్చినా కెమెరాలోంచి చూస్తే అంతా ఒకేలా కనిపిస్తోంది. చెడిపోయిందా?

అక్క


మే 28, మంగళవారం

అక్కా,

చెడిపోలేదు. మొదటి రీలు కడిగాను, అన్నీ 2.8 లోనే తీసినట్టున్నావు. నీకు ఓపిక చాలు, తొందర లేదు, ఈ పనికి పుట్టావు.

వివరంగా చెబుతాను, నోటుబుక్కులో రాసుకో. నువ్వు కంటితో చూసేటప్పుడు లెన్సు ఎప్పుడూ బార్లా తెరిచి ఉంటుంది. 2.8 పెట్టినా, 16 పెట్టినా నీకు కనబడేది 2.8 బొమ్మే. మీట నొక్కిన క్షణంలో మాత్రమే లోపలి రేకులు ముడుచుకుంటాయి. 2.8 లో పువ్వొక్కటే పదునుగా వస్తుంది, వెనకదంతా పాలు ఒలికినట్టు కరిగిపోతుంది. 16 లో పువ్వు నుంచి దూరంగా ఉన్న గోడ దాకా అన్నీ తేలతాయి. అందుకని వెనక ఏం పడిందో ప్రింటు చేతికొచ్చేదాకా తీసినవాళ్ళకే తెలియదు. నా స్టూడియోలో సగం గొడవలు దీనివల్లే. పెళ్ళికూతురి వెనక ఎవడో ఆవలిస్తూ ఉంటాడు, తిట్లు నాకు.

ఇంకో కిటుకు. 16 పెట్టినప్పుడు ఫోకసు పువ్వు మీద పెట్టకు, పువ్వుకి జానెడు వెనక పెట్టు. అప్పుడు ముందుదీ వెనకదీ రెండూ దక్కుతాయి. షట్టరు నెమ్మదిస్తుంది, ఊపిరి బిగబట్టు. ఒక్కో పువ్వునీ మూడు అంకెల్లో తీసి పంపు, తేడా నీకే అర్థమవుతుంది.

బావ సంగతి మరీ మనసుకి పట్టించుకోకు. ఆఫీసులో రోజంతా కిటికీ దగ్గర కూచుని జనంతో నీటి బిల్లుల గురించి గొంతు చించుకునే మనిషి. ఇంటికొచ్చాక మాట మిగలదు.

నీ చిట్టి


జూన్ 20, గురువారం

చిట్టికి,

రెండో రీలు పంపుతున్నాను. పన్నెండు పువ్వులు, ఒక్కోటి 2.8, 8, 16 లో, మొత్తం ముప్ఫై ఆరు. జూన్ 5, 12, 19, మూడు బుధవారాలు, రోజుకి నాలుగు పువ్వుల చొప్పున. ప్రతిదానికీ వేళ రాశాను. అన్నీ పదకొండుకీ పదకొండున్నరకీ మధ్య. నువ్వు చెప్పినట్టే జానెడు వెనక ఫోకసు పెట్టాను. ఇన్నాళ్ళూ కాలికింద తొక్కిన పువ్వుకి అయిదు రేకులని, అందులో ఒకటి కాస్త పొట్టిదని ఈ వయసులో తెలిసింది.

ఇంట్లో ఏమీ మారలేదు. మారిందల్లా ఒకటి. బుధవారం పొద్దున మీ బావ ఇస్త్రీ చొక్కా ఏరుకుని వేసుకుంటున్నారు. మొన్న జేబులో కొత్త దువ్వెన కనిపించింది. "ఏంటి విశేషం?" అన్నాను అల్మారా సర్దుతూ. వెనక్కి తిరగనైనా తిరగలేదు.

ప్రింట్లు తొందరగా పంపు.

అక్క


జూన్ 25, మంగళవారం
(ఇది అప్పుడు పోస్టు చేయలేదు.)

అక్కా,

నీ రీలు ఇవాళ కడిగాను. 2.8 బొమ్మలు చూసి స్టూడియోలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత 16 బొమ్మ కడిగే మందు తొట్టిలో వేశాను. ముందు పువ్వు తేలింది, తర్వాత చువ్వలు, చువ్వల అవతల ఏదో ఆవరణ, అందులో బెంచీ. బెంచీ మీద బావ.

పోలిక అనుకున్నాను. ఆ ఎడమ భుజం వంపు, చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకునే తీరు, ఇంకెవరికుంటుంది? పక్కన ఒక ఆడమనిషి. ముప్ఫై అయిదుంటాయేమో, తెల్ల చీర, వొళ్ళో పేపరు. బావ ఆమె ముఖంలోకి చూస్తున్నారు. అక్కా, ఆ చూపు నేను స్టూడియోలో రోజూ చూస్తాను, కొత్తగా పెళ్ళైనవాళ్ళు మాత్రమే అలా చూస్తారు. పన్నెండింటిలో తొమ్మిది ఫోటోల్లో ఉన్నారు. మూడు బుధవారాలూ.

నువ్వు నేల మీద బోర్లా పడుకుని, కళ్ళజోడు లేకుండా పువ్వు రేకులు లెక్కపెడుతున్నావు. పాతిక అడుగుల దూరంలో

ఇంక రాయలేను.


జూన్ 26, బుధవారం

అక్కా,

ప్రింట్లు ఇరవై ఏడు పంపుతున్నాను. 2.8 వి గోడకి వేలాడదీసేలా ఉన్నాయి. 16 లో తొమ్మిది చెడిపోయాయి, ఏమనుకోకు. షట్టరు నెమ్మది కదా, నొక్కేటప్పుడు చెయ్యి వణికినట్టుంది. అన్నీ అలుక్కుపోయాయి. ఇకమీదట 2.8 లోనే తీసుకో. వెనకదంతా చూసి ఏం చేసుకుంటాం?

చిట్టి


జూలై 4, గురువారం

చిట్టికి,

ప్రింట్లు అందాయి, ఇరవై ఏడు. "చెయ్యి వణికినట్టుంది" అన్నావు. ఆ ఒక్క ముక్క చదివి కూచున్నచోటే ఉండిపోయాను.

అమ్మకి వణుకు యాభై ఒకటో ఏట మొదలైంది. నాకు నలభై తొమ్మిది నిండాయి. అమ్మ మొదట చెంచా వదిలేసింది, తర్వాత గ్లాసు, తర్వాత మన జడలు. నీ జడ ఆఖరిసారి అమ్మ వేసినప్పుడు సగంలో ఆపి నన్ను పిలిచింది, నీకు గుర్తుందో లేదో, తొమ్మిదేళ్ళు నీకు.

ఈ వారమంతా పరీక్షలు పెట్టుకున్నాను. సూదిలో దారం: పదిసార్లలో ఎనిమిదిసార్లు మొదటి ప్రయత్నంలోనే ఎక్కింది, రెండుసార్లు ఎక్కలేదు. అంచుదాకా నీళ్ళు పోసిన గ్లాసు వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా: ఆరుసార్లు మోశాను, ఒకసారి ఒలికింది. ఆ ఒకసారి తలుపు దగ్గర మీ బావ ఎదురొచ్చారు. ఒలికిన నీళ్ళ వైపు చూశారు, నా వైపు చూశారు, ఏమీ అనలేదు.

చిట్టీ, ఇప్పుడు అర్థమైందేమో. అమ్మకి వణుకు ఎక్కువయ్యాక నాన్న ఆ గదిలోకి రావడం తగ్గించారు. కోపంతో కాదు, చూడలేక. మీ బావ నా చెయ్యి నాకంటే ముందే చూశారేమో. ఫిబ్రవరి నుంచే చూశారేమో.

డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్తాను. ఈయనకి చెప్పను.

అక్క


జూలై 9, మంగళవారం

అక్కా, అక్కా,

నీకు వణుకూ లేదు, గిణుకూ లేదు. నేనే తప్పు రాశాను. రీలులోనే లోపం, పాత సరుకు, దుకాణం వాడు అంటగట్టాడు. వాడితో పోట్లాడాను కూడా. సూదిలో ఎనిమిదిసార్లు దారం ఎక్కిస్తే సంతోషపడాలి. నాకు మూడుసార్లు ఎక్కితే పండగ. డాక్టర్ల చుట్టూ తిరగకు.

ఇంకో మాట. ఆ ఖాళీ స్థలం మానెయ్యకూడదా? ఊళ్ళో ఇంకెక్కడా పువ్వులు లేవా? పాములుంటాయి. బుధవారం కాకుండా ఇంకేదైనా రోజు చూసుకో. అన్నట్టు బావకి బుధవారాలు సెలవేమైనా ఇస్తున్నారా ఆఫీసులో? ఊరికే అడిగాను.

చిట్టి


జూలై 15, సోమవారం

చిట్టికి,

డాక్టరుగారు నా చేత కాగితం మీద నత్తగుల్ల లాంటి గీత గీయించారు. రెండు చేతులూ చాపి కళ్ళు మూసుకోమన్నారు. చివరికి నవ్వి, "మీ చెయ్యి నా చెయ్యి కంటే నిలకడగా ఉందమ్మా. ఎవరు చెప్పారు మీకు వణుకుందని?" అన్నారు. "మా చెల్లెలు" అన్నాను. "ఆవిడ డాక్టరా?" అన్నారు.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలు వరసగా పేర్చాను. జూన్ 26న చెయ్యి వణికిందన్నావు. జూలై 9న రీలు పాతదన్నావు. రీలులోనే లోపమైతే మిగతా ఇరవై ఏడు ఎలా బాగున్నాయి? చెడిపోయినవి పదహారు అంకెవే ఎందుకయ్యాయి, అవీ తొమ్మిదే ఎందుకయ్యాయి? ఎప్పుడూ లేనిది పాములెక్కడినుంచి వచ్చాయి? ఇక బుధవారం సెలవు సంగతి "ఊరికే" అడిగినది కాదు. చిన్నప్పుడు నువ్వు "ఊరికే" అన్నావంటే ఇంట్లో ఏదో పగిలిందని అర్థం.

వారం రోజులు నా చేతులు చూసుకుని నేను ఏడ్చాను. ఏమున్నా దానికంటే ఎక్కువ భయపెట్టదు. నాకు తొమ్మిది ఫోటోలు రావాలి. నెగెటివులతో సహా పంపు.

అక్క


జూలై 19, శుక్రవారం

అక్కా,

పంపుతున్నాను. బెంచీ వైపు భాగం పెద్దది చేసి వేశాను, ఇంక దాచేదేమీ లేదు. జూన్ 25న రాసి పోస్టు చేయని ఉత్తరం కూడా ఇందులోనే పెడుతున్నాను. ముందు అది చదువు, తర్వాత ఫోటోలు చూడు. కాదు, ఫోటోలు చూసేటప్పుడు పక్కన ఎవరైనా ఉండేలా చూసుకో. ఎవరుంటారు నీ పక్కన, నా మొహం.

నీకు బాధ తప్పించాలని అబద్ధమాడి, అమ్మ చేతులు తెచ్చి నీకు అతికించాను. దానికి నన్ను నువ్వు ఏమన్నా పడతాను. నువ్వు రమ్మంటే రాత్రి బస్సెక్కుతాను. బావని నేనడుగుతాను. నీకు నోరు రాకపోతే నాకొచ్చు.

చిట్టి


జూలై 24, బుధవారం

చిట్టికి,

నువ్వు రావద్దు. బావని ఏమీ అడగొద్దు. ఇది చదివేదాకా ఆగు.

కవరు సోమవారం అందింది. మొదటి ఫోటో చూసి ఏం చేశానో రాయను. సాయంత్రం దాకా వంట కూడా చేయలేదు, "తలనొప్పి" అంటే ఆయన హోటలు నుంచి ఏదో తెచ్చి పెట్టారు. నేను తినకపోతే ఎదురుగా కూచుని నా మొహంలోకే చూస్తూ, "డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అన్నారు. ఆ చూపు చూసి ఒళ్ళు మండింది. అబద్ధాల చూపు అనుకున్నాను.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాక తొమ్మిది ఫోటోలనూ తారీఖుల వరసలో బల్ల మీద పరిచి, భూతద్దం తెచ్చుకున్నాను. నువ్వు ఆవిడ ముఖం చూసి ఆగిపోయావు. నేను ఇద్దరినీ విడివిడిగా చూశాను. తొమ్మిదింటిలోనూ మాట్లాడేది ఆవిడే. ఒక్కదాంట్లోనూ ఆయన నోరు తెరవలేదు. రెండోది, ఆయన చూసేది ఆవిడ కళ్ళల్లోకి కాదు. ఇంకా కిందికి, నోటి వైపు. బడిపిల్లవాడు నల్లబల్ల చూసినట్టు. రెండు ఫోటోల్లో ఆవిడ పేపరు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న మనిషితో కబుర్లు చెబుతూ ఎవరైనా నోటికి అడ్డం పెట్టుకుంటారా? ఆ రెంటిలోనూ ఆయన ముఖం చూడు. ఏమీ పట్టని ముఖం. మన ఇంట్లో నేను ఫిబ్రవరి నుంచి చూస్తున్న ముఖం అదే.

నోటుబుక్కు తీశాను. జవాబు రాని మాటల పక్కన నేనెక్కడుండి అన్నానో కూడా రాసే అలవాటు కదా నాది. వంటింట్లోంచి. అల్మారా దగ్గర్నుంచి. ఆయన వెనక నుంచి. దీపం ఆర్పాక. ఎదురుగా కూచుని అన్నవాటికి దాదాపు అన్నిటికీ జవాబుంది. మొన్న తలనొప్పి అన్నదానితో సహా.

ఇవాళ కెమెరా లేకుండా వెళ్ళాను. గోదాము వైపు కాదు, చుట్టూ తిరిగి అవతలి వీధిలోకి. ఆ ఆవరణకి ముందు వైపు బోర్డుంది: చెవి పరీక్షలు, వినికిడి తగ్గినవారికి శిక్షణ. గేటు పక్కన నిలబడ్డాను. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని. బెంచీ మీద ఆయన. ఆవిడ లేచి వెనక్కి నడిచి, పదడుగుల దూరం నుంచి గట్టిగా ఏదో అంది. నాకు వినిపించింది, వీధిలో పోయేవాళ్ళకీ వినిపించింది. ఆయన కదల్లేదు. ఆవిడ చీటీ మీద ఏదో రాసుకుంది.

నాకు ఏడుపు రాలేదు చిట్టీ, భయం వేసింది. ఆఫీసులో ఆ కిటికీ అద్దం వెనక, చేతులూపుతూ అరిచే జనం మధ్య, ఆరు నెలలుగా ఆయన ఎలా నెట్టుకొస్తున్నారు? ఒక్క అంకె తప్పు వింటే ఉద్యోగానికే ముప్పు కదా. ఇప్పుడు నాలుగున్నర అయింది. ఆరింటికి వస్తారు. నాకు తెలుసని చెప్పాలా, ఆయన చెప్పేదాకా ఆగాలా తేల్చుకోలేకపోతున్నాను. దాచినవాళ్ళని పట్టుకుంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను, నీ జవాబు అందేలోపు అయిపోతుందనుకో.

అక్క


జూలై 28, ఆదివారం

చిట్టికి,

బుధవారం నోరు పెగల్లేదు. గురు, శుక్రవారాలూ అంతే. నిన్న సాయంత్రం వీధి వైపు కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా, వెలుతురు నా ముఖం మీద పడేలా కూచుని, నెమ్మదిగా అన్నాను: "మీకు వినిపించడం లేదని నాకు తెలుసు."

చాలాసేపు నా నోటి వైపే చూశారు. సరిగ్గా చదివానా అని అనుమానపడినట్టు.

"ఎవరు చెప్పారు?"

"పువ్వులు" అన్నాను. ఫోటోలు చేతిలో పెట్టాను. ఒక్కొక్కటే చూశారు. మూడోదాని దగ్గర, "ఈ నీలం పువ్వు ఏంటి?" అన్నారు. చెప్పాను. అప్పుడు నవ్వారు, నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఎందుకు దాచారు?" అన్నాను.

"ఆఫీసులో తెలిసినవాళ్ళు ఇద్దరే, బుధవారాలు గంటసేపు నా కిటికీ చూసుకునేది వాళ్ళే. ఇద్దరూ ఇప్పుడు నాతో అరిచి మాట్లాడుతున్నారు. చెడ్డవాళ్ళు కాదు, వినిపించాలనే. నువ్వు కూడా అరవడం మొదలుపెడితే నీ గొంతు ఎలా ఉండేదో మర్చిపోతానని..." అన్నారు. కొత్త దువ్వెన సంగతి కూడా అడిగాను. "ఆవిడ ముందు చెదిరిన జుట్టుతో కూచోలేక కొన్నాను. పాఠం వచ్చేసరికి చెమటలు పట్టేస్తాయి."

ఎడమ చెవికి మిషను పెడితే కొంత వస్తుందట, కుడిది రాదట. రేపు పై అధికారికి తనే చెబుతానన్నారు. కిటికీ నుంచి తీసి లోపలి బల్ల దగ్గర వెయ్యొచ్చు, ఇంటికే పంపొచ్చు. ఏమవుతుందో తెలియదు. నా గుండెలో ఆ బరువు అలాగే ఉంది, దాని గురించి నీకు అబద్ధం రాయను. నీ మీద కోపం లేదు. కానీ మళ్ళీ ఎప్పుడూ నన్ను కాపాడకు.

ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ ఆయనే అడిగారు, "ఫిబ్రవరి నుంచి నువ్వన్నవాటిలో నాకు వినపడనివి ఎన్నుంటాయి?"

"నూట అరవై రెండు" అన్నాను.

నమ్మలేదు. నోటుబుక్కు తెచ్చాను. "చదువు" అన్నారు, కుర్చీ ముందుకి లాక్కుని. మొదట్నుంచీ చదివాను, అరవకుండా, మామూలు గొంతుతో, తల ఎత్తి. ఆయన ప్రతిదానికీ జవాబు చెప్పారు. ఏప్రిల్లో కుళాయి కారుతోందన్నదానికి "రేపు బాగుచేయిస్తాను" అన్నారు, అది మేలోనే నేను బాగుచేయించినా. కొన్ని రెండోసారి చదివించుకున్నారు. "నా మీద కోపమా?" అన్నది నాలుగుచోట్ల ఉంది, వేరువేరు తారీఖుల్లో. ఒక్కసారి చెబితే చాలన్నాను. వినలేదు. నాలుగుసార్లూ నన్ను ఆగమని, నాలుగుసార్లూ విడివిడిగా "లేదు" అన్నారు.

పదకొండింటికి పూర్తయింది. ఒక్కో మాట పక్కనా గీత పెట్టుకుంటూ వచ్చి, చివరి పేజీ అడుగున తారీఖు వేసి రాశాను: నూట అరవై రెండు జవాబులు ముట్టాయి. బాకీ లేదు.

అక్క